కంటి వైద్యశిష్యుల హస్తపరీక్ష

తొరపాడికి దాపున, వేలూరు ఆరణి రోడ్డులో షెల్ ఆసుపత్రి గలదు. న్యూయార్కు నగరపు షెల్ అను బ్యాంకరు తన భార్య మేరీ టేబర్ షెల్ జ్ఞాపకార్థము ఇచ్చిన పదివేల డాలర్లతో డాక్టర్ ఐడా స్కడ్డర్ 1902లో దీనిని నెలకొల్పిరి. తరువాత ఇది క్రైస్తవ వైద్య కళాశాల వారి కంటి ఆసుపత్రి అయినది. బోధన జరుగు ఆసుపత్రులలో చదువుకొను వైద్యులును ఆపరేషన్లు చేయుదురు. చేయక నేర్చుట యెట్లు? కాని గుడియాత్తం నుండి వచ్చిన ముదుసలి నేతగాని కన్నును తొలిసారి కత్తి పట్టినవానికి అప్పగించవచ్చునా? ఏ శిష్యుడు ఎంతవరకు చేయదగునో తేల్చుటకే ఈ పరీక్ష.

పూర్వము గురువు పక్కన నిలిచి చూచి, "బాగున్నది" అనెడివాడు. శిష్యుడు తాను చేసిన ఆపరేషన్లను పుస్తకములో వ్రాసికొనెడివాడు. లెక్క అవసరమే. అయితే చిట్టాలో పద్దులు పెరిగినంత మాత్రమున లాభము వచ్చినదని నమ్ము వర్తకుడు ఉండడు. నూరు కన్నులు కోసినవాడు ఒకే తప్పును నూరు మార్లు చేసియుండవచ్చును.

అందుచేత అంతర్జాతీయ నేత్రవైద్య మండలి వారు ఆపరేషనును మెట్లుగా విడదీసి పట్టికలు తయారుచేసిరి. చిన్నకోతతో శుక్లము తీయు పద్ధతినే చూడుడు. తెల్లగుడ్డులో ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పున సొరంగము వంటి దారి తీయవలెను. అది మరీ పైపైన పోయిన పొర చిరుగును. మరీ లోతుకు పోయిన కత్తి ముందే కంటిలోనికి దిగును. సరిగా కుదిరినదా, కుట్టు లేకయే మూసికొనును. పిమ్మట శుక్లమున్న సంచి ముందుపొరను తెరచి, గట్టి భాగమును వెలికి తెచ్చి, మిగిలినది శుభ్రపరచి, కృత్రిమ కటకమును అమర్చవలెను. ఆ సంచి వెనుకపొర మందము మిల్లీమీటరులో వెయ్యింట నాలుగైదు పాళ్లే. అది చినిగిన కంటిలోపలి జిగురు ముందుకు తోసుకొని వచ్చును, చూపునకే ముప్పు.

ఒక్కొక్క మెట్టునకు నాలుగు శ్రేణులు కలవు. ఏ శ్రేణివాని పని ఎట్లుండునో పట్టికలోనే మాటలలో వ్రాసియుందురు. గురువుగారి ప్రీతియో కోపమో తూకమును మార్చకుండుటకు ఇది మంచి ఉపాయము. సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి, శిష్యుని పేరు దాచి, ఆ చిత్రమును వేరొక వైద్యునికి చూపుట ఇంకను మేలు. సొరంగము చక్కగా తీసి, కటకము అమర్చుటలో తడబడువానికి తీర్పు "పనికిరాడు" అని కాదు. ఆ ఒక్క మెట్టును మరల నేర్పవలెనని.

ఇక అభ్యాసము దేనిపై? కసాయి దుకాణమునుండి తెచ్చిన మేకకన్నులపై చేయించుట మన దేశమున ఉన్నదే. జైన గృహస్థులకు ఇది మింగుడుపడని సంగతి. దీనికి మారుదారి కలదు. కెన్యా, టాంజానియా, ఉగాండా, జింబాబ్వే దేశముల 50 మంది శిష్యులతో జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో, ఒక జట్టుకు కృత్రిమ నేత్రములపై అయిదు రోజులు గట్టి శిక్షణ ఇచ్చిరి. తరువాతి ఏడాదిలో వారు చేసిన ఆపరేషన్లలో వెనుకపొర చినిగినవి నూటికి 7.8, ఆ శిక్షణ అప్పటికి పొందని జట్టులో 26.6.

కంటి శిబిరమునకు భోజనములకు, కళ్లజోళ్లకు ఉదారముగా చందా వ్రాయు దాతలు ఈ కృత్రిమ నేత్రముల ఖరీదెంతయని అడుగుట అరుదు. వానిపై పేరు చెక్కించు తావు లేదు గదా!