అశ్రువా, అశృవా? – మనం రోజూ తడబడే మాటలు

ఇంగ్లీషు అసైన్‌మెంట్ ఇచ్చే ముందు స్పెల్లింగ్ చూసుకోనివాళ్లు మన క్లాసులో ఎవరైనా ఉన్నారా? కాలేజీని నడిపే ప్రిన్సిపల్ వేరు, నియమం అనే అర్థమున్న ప్రిన్సిపల్ వేరు, చివరి అక్షరాలు మారతాయని మనకు తెలుసు. కాగితాలు, పెన్నుల స్టేషనరీకీ, కదలకుండా నిలబడిన స్టేషనరీకీ ఒకే ఒక్క అక్షరం తేడా. అది తప్పు రాస్తే సిగ్గుపడతాం. తెలుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం "అర్థమైతే చాల్లే" అంటాం. పోయిన ఏడాది వరకు నేనూ అలాగే అనేదాన్ని.

పోయిన ఏడాది మా జేజినాయన పోయారు. కదిరి నుంచి బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో పనికని వచ్చి, హెబ్బగోడిలో స్థిరపడిన మనిషి. నా బడిలో తెలుగు లేదు. సాయంత్రం పూట పలక పట్టుకుని నాకు ఓనమాలు దిద్దించింది ఆయనే. ఆయన పోయినప్పుడు ఇంటి ముందు కట్టడానికి ఫ్లెక్స్ కావాలన్నారు. ఇంట్లో తెలుగు బాగా వచ్చినదాన్ని నేనే కదా అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను: "అశృ నివాళి". ఫ్లెక్స్ కొట్టే అన్న కన్నడిగుడు. తెలుగు చదవలేడు గానీ, అక్షరాల రూపు పోల్చుకుని నేను రాసింది రాసినట్టే వేశాడు. పదకొండు రోజులు అది మా గేటుకే ఉంది. కర్మలు అయ్యాక పెద్దనాన్న నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయ్, అది అశ్రు. నీకు అక్షరాలు నేర్పిన మనిషి ఫ్లెక్సు మీద అట్లా రాయచ్చునా?" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత మన గోడపత్రిక పాత సంచికలు, నా నోట్సు, క్లాస్ గ్రూపు మెసేజీలు తిరగేసి, తప్పులన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాను. అందులో ముఖ్యమైనవి ఇవి.

తప్పు ఎందుకొస్తుంది?

ఇంగ్లీషులో పలికేది ఒకటి, రాసేది ఒకటి. అందుకే స్పెల్లింగ్ బట్టీ పట్టాలి. తెలుగులో చాలావరకు పలికినట్టే రాస్తాం. అంటే రాతలో తప్పుందంటే, ఎక్కువసార్లు అది పలకడంలోనే మొదలైందన్నమాట. అచ్చ తెలుగు మాటల్లో ఖ, ఘ, థ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు దాదాపు ఉండవు. అవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలతో వచ్చాయి. మన నాలుక వాటిని తేలిక చేసేస్తుంది. రాసేటప్పుడు ఎక్కడో ఒక ఒత్తు ఉండాలని గుర్తుంటుంది గానీ, ఎక్కడో గుర్తుండదు.

1. సుడి, క్రారవడి

'ృ' గుర్తును వట్రసుడి అంటారు. 'క్ర'లో ఉన్న రకారపు ఒత్తు క్రారవడి. హృదయం, గృహం, తృప్తి, దృష్టి – వీటికి వట్రసుడి. అశ్రువు, శ్రుతి – వీటికి క్రారవడి, కొమ్ము. శ్రుతి గుర్తుండాలంటే దాని చుట్టం 'శ్రవణం' గుర్తు తెచ్చుకోండి. వినడమే శ్రవణం, విన్నది శ్రుతి. అశ్రువు మాత్రం నాకు ఇక ఏ చిట్కా లేకుండానే గుర్తుంటుంది.

2. ఒక చుక్క తేడా

'థ'కు పొట్టలో చుక్క ఉంటుంది, 'ధ'కు ఉండదు. అర్థం అంటే భావం. అర్ధం అంటే సగం. కాబట్టి పాఠం 'అర్ధమైంది' అని రాస్తే సగమే అయిందని! అర్ధరాత్రి, అర్ధచంద్రుడు సగానికి సంబంధించినవి. స్వార్థం, పదార్థం, ప్రార్థన – వీటికి చుక్క ఉండాలి. విద్యను అర్థించే మనిషి విద్యార్థి. మన హాజరు పట్టీ అట్ట మీద 'విద్యార్ధినులు' అని ఉంది, రాసింది నేనే. ఇవాళే చుక్క పెట్టేస్తాను.

3. ఒత్తు ఎక్కడ?

'భాద', 'భాద్యత' రెండూ తప్పే. బాధ, బాధ్యత, బోధన – మూడింటిలోనూ బరువు రెండో అక్షరానిదే. 'ఉచ్ఛారణ' కూడా తప్పు. ఉత్ + చారణ కలిసి ఉచ్చారణ అయింది. ఒత్తి పలకాలన్న ఆత్రంలో ఒత్తు ఎక్కువైపోయింది.

ప్రదానం అంటే ఇవ్వడం, 'దానం' అందులోనే ఉంది. ప్రధానం అంటే ముఖ్యమైనది. పెళ్లికి ముందు జరిగే నిశ్చయ వేడుకనూ ప్రధానం అంటారు. మన పోస్టర్‌లో 'బహుమతి ప్రధానం' చూసి, పెళ్లికొడుకు ఎవరని మేడమ్ అడిగింది అందుకే.

శాఖ అంటే కొమ్మ, విభాగం. శాకం అంటే కూర. ఒత్తు మరిచి 'తెలుగు శాక' అని రాస్తే వంటింట్లో పడతాం.

4. మనకే సంబంధించినవి

'కవియిత్రి' కాదు, కవయిత్రి. రచయిత్రి మాటను పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. 'మధ్యాన్హం' కాదు, మధ్యాహ్నం. చిహ్నంలో లాగే 'హ' కింద 'న' ఒత్తు.

5. పక్కింటి భాషతో తికమక

కన్నడ లిపి, తెలుగు లిపి ఒకే పాత లిపి నుంచి చీలినవి. రెండు భాషలకూ ప్రాచీన హోదా 2008లోనే వచ్చింది. ఇంత దగ్గర కాబట్టే తికమక. కన్నడలో 'అవసర' అంటే తొందర, మనకు అవసరం అంటే కావలసి ఉండటం. వాళ్లకు 'సాకు' అంటే చాలు, మనకు అది నెపం. వాళ్లకు 'తిండి' టిఫిన్, మనకు మొత్తం భోజనమంతా తిండే. వాళ్లకు 'శిక్షణ' చదువు, మనకు తర్ఫీదు. బస్సులో ఎవరో "అయ్యో పాప!" అంటే నేను చంటిబిడ్డ కోసం వెతికాను. ఆవిడ అన్నది "అయ్యో పాపం" అని! రాతలో ఎక్కువగా తగిలేది 'కళ'. లలితకళల్ని కన్నడలో లకారంతో 'కలె' అని రాస్తారు. తెలుగులో కల అంటే నిద్రలో వచ్చేది.

అనుమానం వస్తే ఏం చేయాలి? నేను చేసేది చెప్తాను. ముందు మాటను గట్టిగా పలుకుతాను. తర్వాత దాని చుట్టాన్ని వెతుకుతాను. అప్పటికీ తేలకపోతే నిఘంటువు చూస్తాను. 1885 నాటి శబ్దరత్నాకరం నేటికీ పనికొస్తోంది. ఫోన్ చూపించిన మొదటి మాటను మాత్రం నమ్మను. పదిమంది తప్పు రాస్తే అది ఆ తప్పునే చూపిస్తుంది.

ఇక మీ వంతు. తప్పులు పట్టండి:

అ) మధ్యాన్హం భోజనం తర్వాత బహుమతి ప్రధానం ఉంటుంది.
ఆ) ఆ కవియిత్రి మాటలు నా హ్రుదయాన్ని తాకాయి.
ఇ) అర్థరాత్రి దాకా చదివినా పాఠం అర్ధం కాలేదు.
ఈ) విద్యార్ధులందరూ భాద్యతగా ఉండాలి.

మొత్తం ఎనిమిది ఉన్నాయి. పెన్సిల్‌తో ఈ కాగితం మీదే దిద్దండి, ఏమీ అనుకోను. నా వ్యాసంలో తొమ్మిదోది దొరికితే దాన్నీ దిద్దండి.

వచ్చే నెల జేజినాయన ఏడాది. ఫ్లెక్స్ మళ్లీ నన్నే రాయమన్నారు. ఈసారి మాట 'వర్ధంతి'. వర్ధిల్లు, అభివృద్ధి దాని చుట్టాలు, కాబట్టి పొట్టలో చుక్క లేని 'ధ'. రాసి, పెద్దనాన్నకు చూపించి, ఆ తర్వాతే అన్నకు ఇస్తాను.