రెండు చేతులు చాలు, మీకున్నాయిగా!

పెళ్లి భోజనాల దగ్గర ఒక పెద్దాయన కుప్పకూలారు. ఏం జరుగుతుంది? ఒకరు మొహం మీద నీళ్లు చల్లుతారు. ఇంకొకరు ఉల్లిపాయ తెమ్మంటారు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టేవారు ఒకరు. 'గాలి ఆడనివ్వండి' అని అరుస్తూ తామే అడ్డంగా నిలబడేవారు పదిమంది. ఫోన్‌లో వీడియో తీసేవాళ్ల సంగతి సరేసరి!

ఎవరిదీ చెడ్డ మనసు కాదు. కానీ ఆయన గుండె ఆగిపోయి ఉంటే, అప్పుడు కావాల్సింది ఒక్కటే. ఛాతీ మీద గట్టిగా నొక్కే రెండు చేతులు. దానిపేరే సీపీఆర్. ఆ చేతులు మీవే కావాలి. అవుతాయి కూడా.

'నేను డాక్టర్‌ని కాదుగా' అంటున్నారా? అయితే ఇది వినండి. ఛాతీని పైనుంచి నొక్కి రక్తాన్ని నడిపించవచ్చని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ నుంచి ముగ్గురు ప్రపంచానికి చెప్పారు. వారిలో పెద్దాయన విలియం కౌవెన్‌హోవెన్ ఎలక్ట్రికల్ ఇంజినీర్! అప్పటికే ఆయనకు డెబ్భై దాటాయి. ఆయన దగ్గర పనిచేస్తున్న కుర్ర ఇంజినీర్ గై నికర్‌బాకర్. కుక్కల మీద ప్రయోగాలు చేస్తూ, గుండెకు షాక్ ఇచ్చే పలకల్ని ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడు రక్తపోటు కాస్త పెరగడం గమనించారు. అసలు కథంతా అక్కడే మొదలైంది. ముగ్గురిలో డాక్టర్ ఒక్కరే, సర్జన్ జేమ్స్ జూడ్.

మన దగ్గరా ఉదాహరణ ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర రోడ్డుపక్కన ఒకాయన పడిపోతే, డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి బతికించారు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. డాక్టర్లు కాని వాళ్లే సాధించారు. మీరెందుకు సాధించలేరు?

గుంపు ఎందుకు కదలదు?

చుట్టూ జనం ఎక్కువయ్యేకొద్దీ ఒక్కొక్కరూ ముందుకు రావడం తగ్గుతుంది. బిబ్ లటానే, జాన్ డార్లీ అనే సైకాలజిస్టులు 1968లోనే దీన్ని ప్రయోగాలు చేసి చూపించారు. 'ఎవరో ఒకరు చూసుకుంటారులే' అని అందరూ అనుకుంటారు. అందుకే ఆ సమయంలో నిర్ణయం తీసుకుందామని ఆగొద్దు. ఇప్పుడే, ఇది చదువుతూనే తీసేసుకోండి: 'ఆ ఎవరో ఒకరు నేనే.'

ఇంకో అలవాటు. 'ఎవరైనా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి' అనకండి. ఎవరూ చేయరు. వేలు చూపించి చెప్పండి: 'నీలం చొక్కా అన్నా, మీరు 108కి కొట్టండి, స్పీకర్ ఆన్ చేయండి. అక్కా, మీరు వాచ్‌మన్‌తో గేటు తీయించండి. తమ్ముడూ, నువ్వు లిఫ్ట్ ఆపి ఉంచు.' మనిషిని చూసి పని అప్పజెప్పారా, గుంపు కాస్తా టీమ్ అయిపోతుంది.

ఇక పనిలోకి దిగుదాం

ముందు చోటు చూడండి. కరెంటు వైరు, పరుగెడుతున్న వాహనాలు లేవని తేల్చుకోండి. రెండు భుజాలూ తట్టి గట్టిగా పిలవండి. పలకలేదా? ఛాతీ లేచి పడుతోందేమో చూడండి. దానికి 10 సెకన్లు దాటనివ్వద్దు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గట్టుమీద పడిన చేపలా నోరు తెరిచి, ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే 'ఊపిరి ఉందిలే' అనుకుంటారు. అది ఊపిరి కాదు! గుండె ఆగిన మొదటి నిమిషాల్లో అలా కనిపించవచ్చు. పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీయడం లేదు. ఈ రెండూ ఉంటే చాలు, మొదలుపెట్టేయండి. నాడి కోసం తడుముతూ కూర్చోవద్దు.

మీరొక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి, 108తో మాట్లాడుతూనే మొదలుపెట్టండి.

• మంచం, పరుపు మీద ఉంటే కిందికి దించండి. మెత్తటి చోట మీ బలమంతా పరుపుకే పోతుంది.

• పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. అరచేతి మడమను ఛాతీ ఎముక కింది సగం మీద, సరిగ్గా మధ్యలో పెట్టండి. ఎడమవైపు కాదు, మధ్యలోనే. దానిపై రెండో చెయ్యి. వేళ్లు పెనవేయండి.

• మోచేతులు వంచకండి. మీ భుజాలు మీ చేతులకు సరిగ్గా పైన ఉండాలి. చేతి కండబలంతో కాదు, ఒంటి బరువుతో నొక్కండి. సన్నగా ఉన్నవాళ్లు కూడా చేయగలిగేది అందుకే.

• పెద్దవాళ్లకైతే లోతు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటకుండా. వేగం నిమిషానికి 100 నుంచి 120. అంటే సెకనుకు దాదాపు రెండు.

• నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వండి. గుండెలోకి మళ్లీ రక్తం నిండేది ఆ విడుపులోనే. అలసటలో అందరూ మరిచిపోయేది కూడా దీన్నే.

పైకి లెక్కపెట్టండి. రెండు నిమిషాలకోసారి మనిషి మారండి, కానీ ఆ మార్పు క్షణాల్లో అయిపోవాలి. శిక్షణ ఉంటే 30 నొక్కులకు 2 శ్వాసలు. లేదంటే నొక్కడం ఒక్కటే చాలు. నీళ్లలో మునిగినవాళ్లకు, పసిపిల్లలకు మాత్రం శ్వాస చాలా ముఖ్యం. అది క్లాసులో నేర్చుకోవాల్సిందే.

ఎయిర్‌పోర్టుల్లో, కొన్ని మాల్స్‌లో ఏఈడీ అనే షాక్ ఇచ్చే యంత్రం ఉంటుంది. కనబడితే తెప్పించి ఆన్ చేయండి. ఏం చేయాలో అదే చెబుతుంది.

భయాలా? చెప్పండి, తీర్చేద్దాం

పక్కటెముక విరుగుతుందేమో? విరగొచ్చు. టక్కుమన్న చప్పుడు కూడా వినిపించవచ్చు. చేతులు సరిగ్గా మధ్యలో ఉన్నాయో లేదో చూసుకుని కొనసాగించండి. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

ఆడమనిషి కదా, ముట్టుకోవచ్చా? ముట్టుకోవాలి. ఈ మొహమాటానికి బలయ్యేది ఆమె ప్రాణం. చుట్టూ ఉన్న ఆడవాళ్లను చీర అడ్డం పట్టమనండి, మీరు పని ఆపకండి.

పోలీసు గొడవ? రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్లకు రక్షణగా మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఎ సెక్షనే పెట్టారు. నిశ్చింతగా ఉండండి.

అన్నట్టు, ఛాతీ నొప్పితో మాట్లాడుతున్న మనిషికి సీపీఆర్ చేయరు. ఆయన్ని కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. గట్టిగా దగ్గితే గుండెపోటు తగ్గుతుందనే వాట్సాప్ మెసేజ్‌ని ఇవాళే డిలీట్ చేయండి.

ఈ ఆదివారం హోంవర్క్

ఇంట్లో అందరినీ పిలవండి, అత్తయ్యతో సహా. నేలమీద గట్టి కుషన్ వేసి రెండు నిమిషాలు నొక్కండి. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ 110కి పెట్టండి. నిమిషంన్నర దాటేసరికి చెమట పడుతుంది. మనిషి మారడం ఎందుకో మీ భుజాలే చెబుతాయి. మామూలుగా ఉన్న మనిషి మీద మాత్రం ఎప్పుడూ ప్రాక్టీస్ చేయకండి.

తర్వాత, 108కి ఫోన్ చేసినప్పుడు పనికొచ్చే ఒక పరీక్ష. మీ ఇంటి అడ్రస్‌ని ఊరు, మండలం, ఫ్లోరు, దగ్గరి గుర్తుతో సహా తడబడకుండా చెప్పగలరా? ఒక్కొక్కరి చేతా చెప్పించండి. కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఆపైన బొమ్మ మీద నేర్పే అసలు క్లాసు. రెడ్‌క్రాస్‌లో, దగ్గర్లోని పెద్ద ఆస్పత్రిలో అడిగి పేరు రాయించుకోండి. రెండేళ్లకోసారి మళ్లీ వెళ్లండి, చేతులు మరిచిపోతాయి.

ఇక నొక్కడం ఎప్పుడు ఆపాలి? మనిషి కదిలితే, మామూలుగా ఊపిరి తీస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండండి. 108 వాళ్లు వచ్చాక ఎప్పుడు పడిపోయారో, మీరెప్పుడు మొదలుపెట్టారో చెప్పి తప్పుకోండి. ఇంకొక్క విషయం, ఎవరూ చెప్పనిది: అంతా సరిగ్గా చేసినా కొందరు బతకరు. అది మీ తప్పు కాదు. ఆ రాత్రి నిద్ర పట్టకపోతే లోపల దాచుకోకండి. ఇంట్లోవాళ్లతో చెప్పండి, అవసరమైతే కౌన్సెలర్‌ని కలవండి.