టీ మానేస్తే రొమ్ము నొప్పి తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నెలసరికి వారం ముందు నుంచే రెండు రొమ్ములూ బరువెక్కి సలుపుతాయి. టీ, ఖర్రా మానమంటున్నారు. మందుల షాపులో ప్రిమ్‌రోజ్ నూనె క్యాప్సూల్స్ ఇచ్చారు. వాడొచ్చా?
– ఒక సోదరి, ఏటపల్లి

జవాబు: నెలసరి ముందు వచ్చి, అది మొదలవగానే తగ్గే నొప్పి సాధారణంగా హార్మోన్ల వల్లే అమ్మా. టీలోని కెఫీన్ దీనికి కారణమన్న మాటకు గట్టి ఆధారం లేదు. రెండు నెలలు తగ్గించి చూడండి, తేడా లేకుంటే మళ్లీ తాగండి. ఖర్రా సంగతి వేరు. అందులోని పోకచెక్క, తంబాకు రెండూ నోటి క్యాన్సర్ తెచ్చేవే. రొమ్ము నొప్పి తగ్గినా తగ్గకున్నా అది మానాల్సిందే.

ఇక ప్రిమ్‌రోజ్ నూనె. రొమ్ము నొప్పికి మందుగా దానికున్న లైసెన్సును బ్రిటన్ 2002లో వెనక్కి తీసుకుంది, పనిచేస్తుందన్న రుజువు చాలలేదు మరి. ఆ డబ్బుతో కొలతకు సరిపడే బ్రా కొనుక్కోండి, అదే ఎక్కువ సుఖం. గర్భం లేకపోతే డాక్టర్‌నడిగి డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చు.

నొప్పి ఒకే చోట నెలంతా ఉన్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం సొట్టపడినా, గడ్డ తగిలినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. గడ్డ నొప్పి లేనిదైనా సరే.