చెక్క తాబేలు అమ్ముడుపోవాలంటే

తలుపులు, మంచాల ఆర్డర్ల మధ్య ఖాళీలో ఇంటార్సియా జంతువులు చేసి అమ్ముదామనుకునే వడ్రంగుల కోసం ఇది. రకరకాల కలపల ముక్కలను విడివిడిగా కోసి, అంచులు గుండ్రం చేసి, పక్కపక్కన అమర్చి ప్లై మీద అతికించే పనే ఇంటార్సియా. మైసూరు రోజ్‌వుడ్ పనిలోలాగా పలకలో గుంట తీసి ముక్క దించడం ఉండదు. రంగూ పూయరు. కలప రంగుతోనే బొమ్మ తెలియాలి.

చేయి తిరిగినవాళ్లకు కోత పెద్ద సమస్య కాదు. నష్టం ఎక్కువగా డిజైన్లోనూ, పచ్చి కలపలోనూ వస్తుంది.

సూర్యలంక తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలును తీసుకోండి. బాపట్లలో దీన్ని గుర్తుపట్టనివాళ్లు ఉండరు. డిప్ప మీద ఉన్న పలకలన్నీ గీస్తే ముక్కలు ముప్పై దాటుతాయి. ఒక్కో అతుకులో వెంట్రుకవాసి తేడా వచ్చినా, చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి సందు పడుతుంది. పలకలు కలిపేసి, తల, రెక్కలతో సహా పది పన్నెండు ముక్కల్లో తేల్చండి. ముందు బయటి గీత ఒక్కటే నల్లగా నింపి ఇంట్లోవాళ్లకు చూపించండి. తాబేలని వెంటనే చెప్పలేకపోతే, లోపల ఎన్ని ముక్కలు పెట్టినా లాభం లేదు. ప్రతి ముక్క మీదా నార ఎటు పోవాలో బాణం గుర్తు వేయండి. రెక్కకు నార పొడుగునా పోవాలి. అడ్డంగా పోతే సన్నని కొన విరిగిపోతుంది.

కలప దగ్గర ఒక జాగ్రత్త. కొత్తగా కోసిన పనస పసుపు చూసి మురిసిపోవద్దు. వెలుగు తగిలే కొద్దీ అది గోధుమ రంగుకు తిరిగి, పక్కన పెట్టిన టేకులో కలిసిపోతుంది. ముదురు రంగుకు నల్లతుమ్మ చేవ నమ్మకమైనది. తెలుపుకు కొండపల్లివాళ్ల పొణికి కంటే ఏటికొప్పాకవాళ్ల అంకుడు మేలు. పొణికి మెత్తన, గోటికే గంటు పడుతుంది. ఎర్రచందనం ముక్క ఎవరు తెచ్చిచ్చినా ముట్టుకోవద్దు. రోజ్‌వుడ్ వాడితే బిల్లు దాచండి. 2017 నుంచి ఆ జాతి కలపంతా సైటిస్ (వన్యజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది, విదేశాలకు పంపే ముందు అనుమతి అవసరమో కాదో కనుక్కోండి.

అడితిలో ‘ఆరిందే’ అన్న మాట మీద పని మొదలుపెట్టకండి. ముక్కను కిరాణా త్రాసు మీద తూచి, వారానికోసారి మళ్లీ తూచండి. బరువు తగ్గడం ఆగితేనే అది మీ గదికి అలవాటు పడినట్టు. రేపల్లె వైపు వానాకాలం గాలిలో ఉబ్బిన చెక్కను బిగుతుగా కూర్చి ఇచ్చారనుకోండి, కొన్నవాళ్లు ఏసీ గదిలో తగిలిస్తే అతుకులు విచ్చుకుంటాయి. చెక్కపొడి, ఫెవికాల్ కలిపి నింపితే ఆ గీత ఇంకా ఎత్తి కనిపిస్తుంది. ముక్కలన్నీ విడిగా ఉండగానే పాలిష్ కానిచ్చి, తర్వాత ప్లై మీద అతికించండి. అతికించాక పాలిష్ వేస్తే సందుల్లో నిలిచిపోతుంది. ఎమ్రీ పట్టేటప్పుడు మాస్క్ తప్పనిసరి. గట్టి కలపల పొడిని క్యాన్సర్ కారకాల్లో చేర్చారు. రోజ్‌వుడ్ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు కూడా తెస్తుంది.

ఇక ధర. సరుకు 200 రూపాయలు, మీ రోజు కూలి 1,000, పని రెండు రోజులు అనుకుందాం. బొమ్మ మీకే 2,200 పడింది. షాపువాళ్లు తమ వాటా వేసుకుంటే మూడువేలు దాటుతుంది. కొండపల్లి బొమ్మ పక్కన పెట్టి చూసే కొనుగోలుదారు అక్కడే వెనక్కి తగ్గుతాడు. అదే తాబేళ్లు నాలుగు ఒకేసారి మొదలుపెట్టి, గీతలన్నీ ఒకరోజు, ఎమ్రీ అంతా ఒకరోజు చేస్తూ అయిదు రోజుల్లో ముగించగలిగితే ఒక్కోటి 1,450కి దిగుతుంది. కూలి తగ్గించుకుని ధర తగ్గించడం మాత్రం చేయకండి. ఒకసారి దిగిన ధరను షాపువాళ్లు మళ్లీ పెంచనివ్వరు.

అమ్మేటప్పుడు ‘పిల్లల ఆటబొమ్మ’ అని రాయకండి, గోడ అలంకరణ అనే రాయండి. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి; కేంద్ర హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు మినహాయింపు ఉంది. ఆ గుర్తింపు కార్డుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మలో వడ్రంగులకు పనిముట్ల కోసం 15,000, ఆపైన అయిదు శాతం వడ్డీకి తొలి విడతగా లక్ష వరకు రుణం ఉన్నాయి. రుణంతో ముందే పెద్ద మిషను కొనొద్దు. మొదటి నాలుగు తాబేళ్లు చేతి ఫ్రెట్ సాతో చేసి, అవి అమ్ముడుపోయాక స్క్రోల్ సా సంగతి చూడండి. పథకం వివరాల కోసమైతే, తెనాలివాళ్ల జిల్లా కార్యాలయాలు గుంటూరులోనే ఉన్నాయి. రేపల్లెవాళ్లు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లా కేంద్రానికి వెళ్లాలి.