వెనుకకు పరుగు: దేహదారుఢ్యం, నిలకడ

‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అని తెలుగువారు చెప్పుకొనే మాటనే ఉర్దూ మాట్లాడేవారు ‘ఏక్ తందురుస్తీ హజార్ నేమత్’ అంటారు. ఈ రెండు భాషలూ కలిసి వినిపించే మన జహీరాబాదులో సాయంకాలపు పరుగు కొత్తది కాదు. అయితే మనమందరము ముందుకే పరుగెత్తుతాము. ఎవరైనా వెనుకకు పరుగెత్తితే నవ్వుతాము. ఆ నవ్వు ఎంతవరకు సమంజసమో పరిశీలిద్దాము.

వెనుకకు కదలడం మన ఆటలలో ఉన్నదే. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు 30 సెకన్లలోగా మధ్యగీతకు తిరిగి రావలెను. పురుషుల ఆటలో మధ్యగీత నుండి చివరిగీతకు 6.5 మీటర్ల దూరం ఉంటుంది. ప్రత్యర్థులకు వీపు చూపితే వారి కదలికలు కనబడవు. అందుచేత వారిని కనిపెడుతూనే వెనుకడుగులు వేయవలసి వస్తుంది. ఫుట్‌బాల్‌లో బంతితో దూసుకువచ్చేవానిని అడ్డగించే రక్షకునికీ ఇదే అవసరం. 1951, 1962 ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణపతకాలు గెలిచినప్పుడు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువారు, ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు. అట్టి వారసత్వం గల మనము ఈ కదలికను ఆటలో దానంతటదే వస్తుందని వదలివేయక, క్రమంగా అభ్యసించడం ఉచితం.

ముందుకు పరుగెత్తేటప్పుడు చాలామందికి మడమ మొదట నేలను తాకుతుంది. వెనుకకు పరుగెత్తేటప్పుడు పాదపు ముందుభాగం మొదట ఆని, మడమ తరువాత దిగుతుంది. అడుగులు పొట్టివై, వాటి సంఖ్య పెరుగుతుంది. తొడ ముందుభాగపు కండరాలు అధికంగా శ్రమిస్తాయి, మోకాలిచిప్పపై ఒత్తిడి మాత్రం తగ్గుతుంది. అదే వేగంతో ముందుకు పరుగెత్తడంకంటే సుమారు 30 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. కనుక కొద్ది దూరంలోనే గుండెకు, ఊపిరితిత్తులకు తగిన వ్యాయామం లభిస్తుంది. దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన పరిశీలనలో, 6 వారాలు వెనుకకు నడక, పరుగు సాధన చేసిన యువతుల శరీరంలో కొవ్వు తగ్గి, శ్వాసకోశ సామర్థ్యం మెరుగుపడింది.

ఇక నిలకడ సంగతి. మనిషి పడిపోకుండా నిలుచుటకు ఆధారాలు మూడు: కన్ను, లోపలి చెవి, కండరాల నుండి కీళ్ళ నుండి మెదడుకు చేరే సమాచారం. వెనుకకు వెళ్ళేటప్పుడు కన్ను దారి చూపలేదు. మిగిలిన రెండింటిపై భారం పడి, అవి చురుకుదేరుతాయి. బడి ఈడు బాలురు 12 వారాలు వెనుకకు నడక సాధన చేయగా వారి నిలకడ మెరుగైనదని 2011లో ప్రచురితమైన మరొక పరిశీలన తెలిపింది. ఇవి కొద్దిమందిపై జరిగిన పరిశీలనలు. కనుక దీనిని సర్వరోగ నివారిణిగా భావించరాదు, ముందుకు పరుగును మానరాదు.

ప్రమాదం కూడా ఉన్నది. వెనుకకు పడినవానికి తల వెనుకభాగం, మణికట్టు దెబ్బతింటాయి. అందుచేత ఈ నియమాలు పాటించవలెను. మొదటి రెండు వారాలు నడక మాత్రమే చేయవలెను. తరువాత 20 మీటర్ల దూరం, నాలుగైదు మార్లు, వారానికి రెండు మూడు రోజులు మెల్లగా పరుగెత్తవలెను. ముందుగా ఒళ్ళు వేడెక్కించుకొనవలెను. ఎప్పుడూ ఇద్దరు కలిసి సాధన చేయవలెను. ఒకరు పరుగెత్తుతుండగా మరొకరు ఎదురుగా ఉండి దారి గమనించి హెచ్చరించవలెను. మన ఊరు హైదరాబాదు–ముంబాయి రహదారిపై ఉన్నది. రోడ్డు మీద ఈ సాధన ఎన్నడూ కూడదు. తల తిరుగుడు, చెవి బాధ, మోకాటి గాయం ఉన్నవారు వైద్యుని అడిగిన పిమ్మటే ప్రారంభించవలెను.

కళాశాల సంఘం వారికి మా మనవి ఒక్కటే. మైదానంలో 30 మీటర్ల పొడవున ఒక పట్టీని రాళ్ళు ఏరి, గుంటలు పూడ్చి, చదును చేయించి, సున్నపు గీతలు వేయించండి. ఖర్చు స్వల్పం, కాని అది లేనిదే ఈ సాధన క్షేమం కాదు. విద్యార్థి మిత్రులారా, నవ్వినవారిని నవ్వనివ్వండి. వెనుకకు వేసిన ప్రతి అడుగూ వెనుకంజ కాదు.