హీటరు మీది అంకెలు

అక్కలారా! కరెంటు బిల్లులో యూనిట్లు చదవడం మీకు వచ్చు. ఈ పాఠంలో సామాన్ల మీద ఉండే అంకెలు చదువుదాం.

నీళ్లు కాచే హీటరు కొన్నామనుకోండి. దాని మీద '230 వోల్టులు, 1500 వాట్లు' అని ఉంటుంది. ఏమిటివి?

ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉందనుకోండి. ట్యాంకు ఎత్తున ఉంటే నీళ్లు జోరుగా దిగుతాయి. కరెంటుకు అలాంటి జోరే వోల్టేజి. బల్బు గుడ్డిగా వెలిగితే 'లో వోల్టేజి' అంటాం కదా, ఆ మాటే. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. తీగలో ఎంత కరెంటు పారుతుందో ఆంపియర్లలో చెబుతారు. గొట్టం సన్నగా ఉంటే నీళ్లు తక్కువ పోతాయి. కరెంటును అలా అడ్డుకునే గుణం నిరోధం. దాని కొలత ఓమ్. ఇది ఒక మనిషి పేరు. ఆయన జర్మనీ దేశపు బడిపంతులు. ఈ లెక్కను 1827లో పుస్తకంగా అచ్చు వేయించాడు.

వోల్టులు × ఆంపియర్లు = వాట్లు
వోల్టులు ÷ ఆంపియర్లు = ఓమ్‌లు

ఇస్త్రీపెట్టె 5 ఆంపియర్లు తీసుకుంటే 230 × 5 = 1150 వాట్లు. దాని నిరోధం 230 ÷ 5 = 46 ఓమ్‌లు. 1000 వాట్ల సామాను ఆగకుండా గంట నడిస్తే ఒక యూనిట్ అవుతుంది.

ఇప్పుడు హీటరుకు వద్దాం. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 1500 ÷ 230 = సుమారు ఆరున్నర. గోడకున్న చిన్న ప్లగ్గు తట్టుకునేది 6 ఆంపియర్లే. పాతవైతే 5. అందుకే ప్లగ్గు వేడెక్కి కమురు వాసన వస్తుంది. హీటరుకు 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు కావాలి. 'ఏం కాదులే' అని అంగడిలో చెప్పినా సరే, మీరు అంకెనే నమ్మండి.

ఇంకో లెక్క ఉంది. ఇది ప్రాణం లెక్క.

మన ఒంటికీ నిరోధం ఉంది. పొడి చర్మానికి వేల ఓమ్‌లు ఉంటుంది. తడిస్తే అది వెయ్యికి పడిపోవచ్చు. అప్పుడు 230 ÷ 1000 = 0.23. అంటే పావు ఆంపియరు కంటే కొంచెం తక్కువ. పాతకాలపు 60 వాట్ల బల్బు తీసుకునేదీ ఇంచుమించు ఇంతే. బల్బుకు అది వెలుగు. మనిషికి అందులో సగం పారినా గుండె ఆగిపోవచ్చు.

మరి ఫ్యూజు కాపాడదా? కాపాడదు. 5 ఆంపియర్ల ఫ్యూజు అంతకు మించితేనే కరుగుతుంది. పావు ఆంపియరు దానికి లెక్కే కాదు. ఆర్.సి.సి.బి. అనే స్విచ్చు ఉంటుంది. ఇళ్లలో పెట్టేది 0.03 ఆంపియరు దారి తప్పేసరికి కరెంటు ఆపేస్తుంది. ఇల్లు వైరింగు చేయించేటప్పుడు అడిగి పెట్టించండి.

బట్టలారేసే దండెం చూడండి. అది ఇనుప తీగా? ఇంటికొచ్చే కరెంటు తీగ దానికి ఒరుసుకుంటే దండెమంతా కరెంటే. బట్టలు తడి, చేతులు తడి, కాళ్ల కింద నేల తడి. ఈ పని చేసేది ఎక్కువగా మనమే. ఇనుప తీగ తీసేసి నైలాను తాడు కట్టండి. ఎవరికైనా షాకు కొడితే వాళ్లను పట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి.

మీరు చేయండి:
ఒక ఇస్త్రీపెట్టె మీద 920 వాట్లు, 230 వోల్టులు అని ఉంది. ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది? చిన్న ప్లగ్గుకు పెట్టవచ్చా?
(జవాబు: 920 ÷ 230 = 4 ఆంపియర్లు. పెట్టవచ్చు.)