మద్యం మానాలనుకునేవారికి మన ఊళ్లో తోడు

సోమవారం ఉదయం పది దాటింది. పింఛను కోసం వచ్చిన పెద్దవాళ్లతో బ్రాంచి నిండిపోయింది. క్యాష్ సేఫ్ తెరవాలంటే రెండు తాళాలు పడాలి. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది మా హెడ్ క్యాషియర్ దగ్గర. ఆయన పదీ నలభైకి వచ్చారు. చేతులు వణికి తాళంచెవి పెట్టలేకపోయారు. జాయింట్ కస్టడీ నియమం తెలిసి కూడా ఆ చెవి నేనే తిప్పాను. మేనేజరుగారితో "ఆయనకి జ్వరమండీ" అన్నాను. ఆ నెలలో అలా చెప్పడం అది మూడోసారి.

ఆ సాయంత్రం ఆయన భార్య ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, మీరు కాపాడుతున్నది ఆయన ఉద్యోగాన్ని, ఆయన్ని కాదు" అన్నారు. మర్నాడు మేనేజరుగారికి నిజం చెప్పాను. తాళంచెవి మరొకరికి అప్పగించారు. హెడ్ క్యాషియర్ గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వచ్చి, "మానాలని ఉంది. ఎక్కడికి వెళ్లాలి?" అని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఆయన అనుమతితోనే, పేరు లేకుండా రాస్తున్నాను.

ముందు డాక్టరు

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల్లో మతి తప్పి, లేనివి కనబడే స్థితి రావచ్చు. అది ప్రాణాంతకం కూడా కావచ్చు. కాబట్టి ఇంట్లో గది తలుపేసి మాన్పించే ప్రయత్నం చేయకూడదు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే జాతీయ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య సలహాకి టెలీ మానస్ 14416 ఉన్నాయి.

ఆస్పత్రి తర్వాత బృందం

మద్యం మానేటప్పుడు వచ్చే బాధల్ని మందులు తగ్గిస్తాయి. సాయంత్రం ఆరు గంటలకి కాళ్లు అటే లాగితే ఏం చేయాలి? అక్కడే తోటివారి అవసరం పడుతుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టుక కూడా అలాంటిదే. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరానికి పనిమీద వెళ్లిన బిల్ విల్సన్‌కి వ్యవహారం బెడిసికొట్టింది. మళ్లీ తాగాలనిపించింది. బార్‌కి వెళ్లకుండా, తనలాంటి మరో తాగుడు బాధితుడి కోసం ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. ఒకరికొకరు తోడుగా ఇద్దరూ నిలబడ్డారు.

ఈ బృందాల్లో చేరడానికి ఒకే అర్హత, తాగుడు మానాలన్న కోరిక. రుసుము లేదు. ఖర్చులకి సభ్యులే తోచినంత వేస్తారు. అక్కడ విన్నది బయట చెప్పరు.

బృందాన్ని వెతికేటప్పుడు

మొదట, ఎ.ఎ. ఫోన్ నంబరుకి చేసి, దగ్గరలో ఏ రోజు, ఏ వేళకి, ఏ భాషలో సమావేశం జరుగుతుందో అడగండి. డీ-అడిక్షన్ విభాగంలోని కౌన్సెలర్లకీ ఈ వివరాలు తెలుస్తాయి.

రెండు, అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అని కనుక్కోండి. ఓపెన్‌కి తోడుగా ఎవరైనా వెళ్లవచ్చు. క్లోజ్డ్ తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే.

మూడు, ఒక్కసారి చూసి తేల్చేయకండి. మొదటి బృందం నచ్చకపోతే మరో బృందానికి వెళ్లండి.

నాలుగు, ఇంట్లోవాళ్లని మరవకండి. వారికోసం అల్-అనాన్ బృందాలు వేరుగా ఉన్నాయి.

మేం వెళ్లింది ఒక బడి గదికి, ఆదివారం సాయంత్రం. పదకొండు మంది, ప్లాస్టిక్ కుర్చీలు, టీ. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు మాట్లాడారు. ఎవరూ మధ్యలో అడ్డుపడలేదు, నీతులు చెప్పలేదు. ఒక ఆటో డ్రైవర్ తన కూతురి ఫీజు డబ్బు ఎలా తాగేశాడో చెబుతుంటే మావారు తల దించుకున్నారు. తిరిగి వస్తూ, "నా కథే చెప్పాడండీ" అన్నారు.

ఈ పద్ధతికి వైద్యపరిశోధన మద్దతూ ఉంది. పూర్తిగా మానడంలో ఎ.ఎ. పద్ధతి ఇతర చికిత్సలకి తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని 2020లో వచ్చిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. దైవాన్ని ప్రస్తావించే తీరు కొందరికి నచ్చకపోవచ్చు. వారు కౌన్సెలింగ్, మందుల దారిలో వెళ్లవచ్చు.

సహోద్యోగులుగా మనం

అబద్ధపు సాకులు చెప్పవద్దు. చేబదులు ఇవ్వవద్దు. తాగి ఉన్నప్పుడు కాదు, ఉదయం తేటగా ఉన్నప్పుడు మాట్లాడండి. నగదు బాధ్యత నుంచి తప్పించడం శిక్ష కాదు, రక్షణ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యపానంతో ముడిపడిన మానసిక సమస్యలనూ తన పరిధిలోకి తెచ్చింది, రోగి వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. కాబట్టి క్యాంటీన్‌లో చర్చించుకోవద్దు.

నాలుగో నెలలో ఆయన ఒకసారి జారారు. ఆ రాత్రి నాకు కాదు, ఆ ఆటో డ్రైవర్‌కి ఫోన్ చేశారు. తర్వాతి ఆదివారం మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. "మానేశారా?" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒకటే జవాబు చెబుతారు: "ఈరోజు తాగలేదు."